ఖైతాన్ గోడ మీది నోటీసు

ఈ మాట ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు, అందుకే రాస్తున్నాను. 1991లో ఇరాక్ సైన్యం కువైట్ వదిలి పారిపోయాక కూడా అక్కడి ఖైతాన్‌లో మేముండే మేడ గోడ మీద "ఈ నేల ఇక ఇరాక్‌ది" అన్న అరబ్బీ నోటీసు ఉండిపోయింది. కాపలా ఉన్న అమెరికా సైనికుడు జోసెఫ్‌కు దాన్ని చదివి ఇంగ్లీషులో చెప్పాను. అతను అమెరికా ఆదివాసి, సూ తెగవాడు.

"మా ఊరికీ ఇలాంటి నోటీసులు వస్తాయి. మా అమ్మ పశువులు మేపే నేలను మా సర్కారు గని తవ్వకానికిస్తుందట. అభ్యంతరముంటే స్వయంగా వచ్చి చెప్పుకోవాలట. నేనేమో ఇక్కడ!" అన్నాడు.

నేను ఆ మాట తెలుగులో చెప్పగానే మా మేడలోనే ఉండే కడప ఓబులేసు మండిపడ్డాడు. "ఆ సర్కారే గదప్పా నిన్నీడికి తోలింది!"

అది ఇంగ్లీషులో చెప్పగానే జోసెఫ్ గోడ మీది నోటీసును పరపరా చింపాడు. "దీన్ని చింపితే చప్పట్లు కొడతారు. మా ఊరిది చింపితే జైల్లో పెడతారు."

ఆ తెగ చరిత్ర వెతికిచ్చిన లైబ్రేరియన్ సుబ్బన్న సారుకు, అరబ్బీ నేర్పిన యూసుఫ్ భాయికి, ఓబులేసుకు, జోసెఫ్‌కు కృతజ్ఞతలు. ఆ నోటీసులు పంపేవాళ్ళకు మాత్రం లేవు.