ఎదురింటి అక్క తాపిన నీళ్లు

పోయిన శుక్రవారం పొద్దున నేను దేవుడి దగ్గర దీపం పెడుతుంటే ఎదురింటి బావ వాకిట్లోకి వచ్చి, "మీ అక్క లేస్తలేదమ్మా" అన్నాడు. నిద్రలోనే పోయింది.

మా నర్సింహులపేటలో, చుట్టుపక్కల తండాల్లో ఆమె నీళ్లు తాపి బతికించిన పిల్లలు ఎందరో. ఆ సంగతి ఆమె చదువుకుని తెలుసుకోలేదు. సొంత కొడుకును పోగొట్టుకుని తెలుసుకున్నది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బస్సులు బందైనప్పుడు మూడేళ్ల కొడుక్కు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎడ్లబండిలో మానుకోట దవాఖానకు బయలుదేరారు. నీళ్లిస్తే ఇంకా పారుతుందని అప్పుడు మా అందరి నమ్మకం. దారంతా పిల్లవాడు నీళ్లు అడుగుతూనే ఉన్నాడట. చెంబు ఆమె ఒళ్లోనే ఉన్నది. ఇవ్వలేదు. "ఒళ్లంతా ఎండిపోయింది, నీళ్లెందుకు తాపలేదమ్మా?" అని దవాఖానలో డాక్టరమ్మ అడిగేసరికే అంతా అయిపోయింది.

రెండేళ్లకు నా చిన్నబిడ్డకు అదే జబ్బు వచ్చింది. అక్క పిలవకుండానే వచ్చి, మరగబెట్టి చల్లార్చిన నీళ్లల్లో చక్కెర, చిటికెడు ఉప్పు కలిపింది. మా అత్త అడ్డుపడింది.

"పిల్లకు గిట్ల పారుతుంటె నీళ్లు తాపుతవా? మతి ఉన్నదానే నీకు?"

"పోయిన నీళ్లు మళ్ల పొయ్యొద్దా పెద్దమ్మా? ఏకాదశి ఉపాసమంటవ్, పొద్దెక్కకముందే చాయ అడుగుతవ్. పసిపిల్ల గొంతు ఎండదా?"

అత్త మూతి తిప్పుకున్నది. అక్క గొంతు తగ్గించి, "నా కొడుకును ఎండబెట్టి సంపుకున్న. గీ పిల్లను నాకు ఇడిసిపెట్టు" అన్నది. అత్త పక్కకు జరిగింది. బస్సెక్కి దవాఖానకు చేరేదాకా అక్క చెంచా చెంచా తాపుతూనే ఉన్నది. నా బిడ్డ బతికింది.

ఆ పిల్లవాడు పోకపోతే నా బిడ్డ బతికేది కాదు కదా అన్న ఆలోచన దండం పెట్టుకునేటప్పుడు కూడా నన్ను వదలదు.

తర్వాత ఎవరు పిల్లను ఎత్తుకొచ్చినా నేనే పిలిచేదాన్ని, "అక్కా, జర చెప్పు" అని. ఉత్త మాటలకు అత్తలు వినరు. కొడుకు ముచ్చట చెబితే వింటారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పేది. బండి, దారి, చెంబు. ఆఖరున తల్లికి చెంచా అందించి, "రుచి సూడు బిడ్డా. కన్నీళ్లకన్న ఉప్పగ ఉండొద్దు" అనేది.

పోయే ముందు మంచం పట్టినప్పుడు అడిగాను. "గిన్నేండ్లు నీతోని చెప్పిచ్చిన. కష్టమైందా అక్కా?"

"చెప్పినప్పుడల్ల వాడు నీళ్లడుగుతడే. ఎదురుంగ ఉన్న పిల్లకు తాపినంక ఊకుంటడు."

ఇన్నేళ్లలో ఒక్కసారైనా ముందే అడగాలని నాకు తోచలేదు.

నిన్న తండా నుంచి ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని, "అవ్వ ఉన్నదా?" అంటూ వచ్చింది. వెనకనే ఆమె అత్త, నీళ్లు వద్దని గొణుగుతూ. లేదని చెప్పి, వాళ్లను మా అరుగు మీద కూర్చోబెట్టాను. బండి సంగతి చెప్పాను. చెంబు దగ్గరికి వచ్చేసరికి ఆ ముసలామె గొణగడం మానేసింది.

నీళ్లు కలిపి రుచి చూశాను. నా కన్నీళ్లు నోట్లోకి జారి, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియలేదు.

"నువ్వే సూడు బిడ్డా" అని చెంచా ఆ తల్లికిచ్చాను. ఆమె చూసి, తల ఊపి, బిడ్డ పెదవులకు ఆనించింది. బిడ్డ చప్పరించి, ఇంకో చెంచాకు నోరు తెరిచింది.