రెండుసార్లు జరిగిన నక్షత్రం

మదన్‌మోహన్ సారు జహీరాబాద్‌లో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. రోజూ పొద్దున స్నానం కాగానే కంప్యూటర్ ముందు కూర్చుంటారు. నక్షత్రాల పట్టికలో ఉండేవి క్రీ.శ. రెండువేలవ సంవత్సరం నాటి స్థానాలు. భూమి అక్షం మెల్లగా ఒరుగుతూ తిరుగుతుంది కనుక, ఆ స్థానాలను లెక్కగట్టి ఇవాళ్టికి జరపాలి. అందుకు ఆయనే ప్రోగ్రాం రాసుకున్నారు. వచ్చిన అంకెను అచ్చయిన ఖగోళ పంచాంగంతో సరిచూసి, కలిస్తే బల్లమీద చూపుడువేలితో ఒకసారి తట్టి, అప్పుడు చాయ్ అడుగుతారు.

ఈమధ్య ఆ ప్రోగ్రాంను తిరగరాశాక ఒకరోజు చిత్త నక్షత్రం కలవలేదు. రెండు రోజులు చూసి, తన దగ్గర చదువుకున్న నందినికి ఫోన్ చేశారు. ఆమె ఝరాసంగం నుంచి ఆటోలో వచ్చి ప్రోగ్రామంతా చదివింది. అక్షం సవరణ అందులో రెండుసార్లు ఉంది. పక్కనే ఆయన వేసుకున్న తేదీలు: ఒకటి సోమవారానిది, ఒకటి మంగళవారానిది.

"చిన్న గుర్తు తప్పువడ్డది సార్" అంది నందిని.

"అబద్ధం చెప్పకు బిడ్డా. రాసిందే మళ్ళ రాసిన గద? పోయిన నెల గూడ గిట్లనే అయింది." ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చి నీ దగ్గర్నే పెట్టుకో. నేనడిగినా చెప్పకు."

నందిని మార్చింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"నందినీ, కంప్యూటర్ తెర్సుకుంటలేదమ్మా. పాస్‌వర్డ్ యాదికొస్తలేదు. నీకేమన్న ఎరుకనా?"

నందిని ఒక్కొక్క అక్షరమే చెప్పింది.