పంటికీ మరకీ మధ్య ఖాళీ

డెబ్బయ్యో సంవత్సరం మే నెలలో ఒక శనివారం బుధగ్రహం సూర్యుడి మొహం మీదుగా నడిచి వెళుతుందని తెలిసిన రోజు నుంచీ నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున పదింటికి ముందే మొదలై సాయంత్రం దాకా! పట్టపగలు, అదీ మబ్బు తునక కనపడని ఎండల్లో! అప్పుడు నేను రేపల్లెలో హైస్కూలు సైన్సు మాస్టర్ని. ఎవరు ఎదురుపడితే వాళ్ళకి చెప్పేవాణ్ణి. ‘‘చూస్తే ఏంటండీ వచ్చేది?’’ అని పక్కింటాయన అడిగితే ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నా కోపం అలాంటిది.

ఆ తహతహంతా నా కోసం కాదు. చుక్కల పిచ్చి నాకు అంటించిన మాస్టారు బాపట్లలో ఉండేవారు. పదమూడేళ్ళ కిందట ఇదే బుధుడు సూర్యోదయం వేళ అడ్డం వస్తే, చూద్దామని చీకటితో లేచి సముద్రం ఒడ్డుకు వెళ్ళి, మబ్బు తప్ప ఏమీ చూడకుండా తిరిగొచ్చారు. తర్వాత ఆయన కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చింది. చుట్టూ ఉన్న చూపంతా పోయి నడిమధ్యన చిల్లుకాణీ బెజ్జమంత మిగిలింది. అదైనా ఏడాది తిరిగేసరికి ఉంటుందన్న నమ్మకం లేదని గుంటూరు డాక్టరు చెప్పేశాడు. బుధుడు మళ్ళీ వచ్చేది మూడేళ్ళకు. అంటే మాస్టారు చూస్తే ఇప్పుడు చూడాలి, లేకపోతే లేదు.

ఆయన చూసే పద్ధతి ఒకటుంది. పేపరు చదవాలన్నా ముందు దాని మీద వేలు ఆనిస్తారు. చూపు ఆ వేలిని వెతుక్కుంటూ వచ్చి పక్కనున్న అక్షరాన్ని పట్టుకుంటుంది. అందుకు నిమిషం పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. కాబట్టి నా టెలిస్కోపుతో సూర్యుడి బొమ్మను తెల్లకాగితం మీద పెద్దగా పడేసి, అందులో మిరియపు గింజంత కనిపించే బుధుడి పక్కన ఆయన వేలు పెట్టించి, అంతసేపూ ఆ చుక్కను కదలకుండా ఆపాలి. సూర్యుడు మన కోసం ఆగడు గదా! రెండు నిమిషాల్లో తన వెడల్పంతా జరిగిపోతాడు. టెలిస్కోపే సూర్యుడి వెంట నడవాలి.

నడవాలంటే మోటారు కావాలి. తెనాలిలో మైకు సెట్ల దుకాణంలో ఒక పాత రికార్డు ప్లేయరు మూల పడి ఉంది. పెట్టె చెదలు తినేసింది గానీ మోటారు నిక్షేపంలా ఉంది. దాని వేగాన్ని రోజుకొక్క చుట్టుకు దించే గేర్లు కోసిపెట్టింది అదే ఊళ్ళో లేతు మిషను నడిపే సాయిబు మేస్త్రీ. రైసుమిల్లుల సామాను చెయ్యడంలో ఆయనకు పేరు. నేను గీసిచ్చిన బొమ్మ చూసి, ‘‘ఇంత మెల్లగా తిరిగే మిషనేంటి సారూ, నిద్రపోతుందా ఏంటి?’’ అని నవ్వాడు. నవ్వినా పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. టెలిస్కోపు ఇరుసుకు పెద్ద పళ్ళచక్రం, ఆ పళ్ళను నెట్టడానికి మోటారు తిప్పే స్క్రూలాంటి మర.

రేపల్లెలో మా డాబా మీద పరీక్షించాను. మేకు కొట్టినట్టు నిలబడ్డాడు సూర్యుడు! కాళ్ళు కాలుతున్నా ఎగిరి గంతేశాను. అంతలో కాస్త గాలి కొట్టింది. బొమ్మ గబుక్కున బెత్తెడు పక్కకు దూకింది. గాలి ఆగితే వెనక్కి దూకింది. వంగి చూస్తే, మరకీ చక్రం పంటికీ మధ్య వెంట్రుక దూరేంత ఖాళీ. లేతు పనివాళ్ళు దాన్ని ‘ప్లే’ అంటారు. అక్కడ వెంట్రుకంత, ఇక్కడ కాగితం మీద బెత్తెడు!

మరను చక్రానికి అదిమి బోల్టులు బిగించాను. మోటారు రెండు మూలుగులు మూలిగి ఆగిపోయింది. కాస్త వదులు చేస్తే మళ్ళీ ఊగులాట. మూడు రోజులు ఇదే తంతు. నా వంతు పని నిక్కచ్చిగా చేశానని నా ధీమా. టెలిస్కోపు గొట్టం ఒకవైపు, ఎదురు బరువు ఒకవైపు, చిటికెనవేలితో తాకితే ఎటైనా తిరిగేలా కంసాలి త్రాసులా తూచి పెట్టాను. మరి తప్పు ఎవరిది? గేరు కోసినవాడిదే!

అరికాలి మంట నెత్తికెక్కి తెనాలి రైలెక్కాను. దుకాణంలో నలుగురు ఉండగానే నోరు పారేసుకున్నాను. ‘‘రైసుమిల్లు పనులు చేసుకునే నీకు ఇంత సన్నపని ఇచ్చాను చూడు, నాదీ బుద్ధితక్కువ!’’ అన్నాను.

మేస్త్రీ లేతు ఆపి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ‘‘ప్లే అసలు లేకపోతే చక్రమే తిరగదు సారూ. అయినా నలుగురి ముందూ అన్నారు గాబట్టి శనివారం నేనూ బాపట్ల వస్తా. తప్పు నా పంటిదైతే అక్కడే పగలగొట్టేస్తా,’’ అన్నాడు. గొంతు పెంచలేదు. నాకు ఇంకా మండింది.

శనివారం పొద్దున మాస్టారి పెరట్లో అంతా సిద్ధం చేశాను. సూర్యుణ్ణి నేరుగా చూస్తే ఉన్న కళ్ళూ పోతాయి గనక, కాగితం అంటించిన చెక్కను గొట్టానికే బిగించి, పైన నల్లగొడుగు నీడ పెట్టాను. మేస్త్రీ పొద్దుటి రైలుకే దిగి, ఓ మూల పీట మీద కూర్చున్నాడు. పది కావడానికి పది నిమిషాలుందనగా సూర్యుడి అంచు మీద నల్లటి నొక్కు పడింది.

‘‘వచ్చాడు! వచ్చాడు మాస్టారూ!’’ అని వీధంతా వినపడేలా అరిచాను.

కాసేపటికి బుధుడు అంచు వదిలి లోపలికొచ్చి గుండ్రంగా నిలిచాడు. మాస్టారి చెయ్యి పట్టుకుని వేలు దాని పక్కన ఆనించాను. వేలు తగిలిందో లేదో, గొట్టం ఆ వెంట్రుకంత ఖాళీలో ఊగింది. చుక్క బెత్తెడు అవతల పడింది.

‘‘ఏదిరా?’’ అన్నారు మాస్టారు.

‘‘ఇదిగోనండి, ఇక్కడ.’’ మళ్ళీ వేలు పెట్టించాను. మళ్ళీ దూకింది.

‘‘ఏదిరా?’’

తగలకుండా వేలు గాల్లో ఉంచమంటే చెయ్యి వణికేది. పదకొండయ్యేసరికి సముద్రపు గాలి కూడా తోడైంది. ఎన్నిసార్లు అడిగారో! చివరికి ‘‘పోనీలేరా, నువ్వు చూడు. నువ్వు చెబుతుంటే విన్నాను, నాకదే చాలు,’’ అని లేచి వెళ్ళి వసారాలో మంచం మీద కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు వచ్చేది కోపం. ‘‘చూశావా నీ పనితనం!’’ అని మేస్త్రీ మీద విరుచుకుపడ్డాను.

ఆయన లేచి వచ్చి చక్రాన్ని చూశాడు. గొట్టాన్ని చిటికెనవేలితో తాకి చూశాడు. ‘‘దీన్ని ఇట్లా తూచిందెవరు?’’

‘‘నేనే. పిసరంత తేడా ఉండదు.’’

‘‘మీది ఏ ఊరు సారూ?’’

‘‘కాకుమాను. అయితే ఏంటి ఇప్పుడు?’’

‘‘మీ ఊళ్ళో వడ్లబండి ఎట్లా నింపుతారు? ముందూ వెనకా సమానంగానా?’’

‘‘సమానంగా ఎవడు నింపుతాడయ్యా! ముందుకి కాస్త బరువేస్తారు. లేకపోతే కాడి ఎడ్ల మెడ మీద ఆనక, గతుకు గతుక్కీ ఎగిరెగిరి...’’

కాకుమాను చేల గట్ల మీద బండి తోలుతూ పెరిగినవాణ్ణి నేను! బరువు ఒకవైపుకి మొగ్గితే పన్ను ఎప్పుడూ మరను ఆనుకునే ఉంటుంది. ఖాళీ ఉన్నా ఊగదు. నేనేమో అతి తెలివితో త్రాసులా తూచి, పన్ను దేనికీ ఆనకుండా చేసి పెట్టాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

‘‘తప్పు నాదే మేస్త్రీ. నన్ను క్షమించు,’’ అన్నాను, అందరికీ వినపడేలాగే. తిట్టింది కూడా నలుగురి ముందే గదా.

‘‘అది తర్వాత. ముందు ఓ చెంబు, కాస్త తాడు తెప్పించండి,’’ అన్నాడాయన.

మాస్టారి భార్య వంటింట్లోంచి ఇత్తడి చెంబు తెచ్చి ఇచ్చారు. మేస్త్రీ ఇరుసుకు తాడు నాలుగు చుట్లు చుట్టి, కొసకు చెంబు వేలాడదీసి, పెరట్లో ఇసుక గుప్పెడు గుప్పెడుగా పోస్తూ పోయాడు. మోటారు ఆ బరువును ఎత్తుకుంటూ తిరగాలి, అలాగని మూలగకూడదు. ఐదో గుప్పిట దగ్గర ఆపి, కాగితం చెక్క మీద వేలితో టకటకా కొట్టాడు. బుధుడు చలించలేదు! నేను కొట్టాను. ఊహూఁ! నాకు ప్రాణం లేచొచ్చింది.

పరుగున వెళ్ళి మాస్టారి చెయ్యి పట్టుకున్నాను. ‘‘ఎందుకురా మళ్ళీ,’’ అంటున్నా వినకుండా తీసుకొచ్చి కూర్చోబెట్టి, వేలు చుక్క పక్కన ఆనించాను.

‘‘ఏదిరా?’’

‘‘అక్కడేనండి. తొందరేం లేదు, నింపాదిగా చూడండి.’’

‘‘ఏదిరా?’’

చెంబు కంటికి తెలియనంత మెల్లగా పైకి లేస్తోంది. ఆయన అడగడం మానేశారు. ఇక ఆశ వదులుకున్నారేమోనని భయపడుతూ మొహంలోకి చూశాను.

‘‘ఎవరూ కదలకండి,’’ అన్నారు మాస్టారు. ‘‘చూస్తున్నాను.’’

నేను కేక పెట్టి మేస్త్రీని కావలించుకున్నాను. నా తెల్లచొక్కా నిండా నూనె మరకలు. ఆయన ‘‘వదలండి సారూ, గొట్టానికి తగుల్తాం,’’ అంటూనే నవ్వుతున్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మాస్టారు ఇక అక్కణ్ణుంచి లేస్తేగా! రెండయింది, భోజనానికి రమ్మంటే పలకరు. చివరికి ఆయన భార్య పప్పన్నం కలుపుకొచ్చి పక్కన కూర్చుని ముద్దలు పెట్టసాగారు. ఒక ముద్ద పెట్టబోతుంటే ఆవిడ చెయ్యి కాగితానికి అడ్డం వచ్చింది.

‘‘అబ్బ, తప్పుకోవే! నీ చెయ్యి అడ్డమొచ్చి కనపడట్లా!’’ అని కసురుకున్నారు మాస్టారు.

ఎన్నో నెలలుగా ఆ ఇంట్లో ఏది కనపడకపోయినా తప్పు ఆయన కళ్ళదే. ఆవిడ ముద్ద పట్టుకున్న చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని, ‘‘తప్పుకున్నానండి, చూసుకోండి,’’ అంటూ ఎడంచేత్తో కొంగు తీసుకుని కళ్ళు ఒత్తుకున్నారు.