సిరువాణి నీళ్లతో వెండి

మా మరిది రసాయనశాస్త్రం చదవలేదు. నేనూ చదవలేదు. తేడా ఏమిటంటే, ఆ సంగతి నాకు తెలుసు.

కోయంబత్తూరులో మా మిల్లు వెనక గదిలో నేను వెండి ద్రవం చేస్తాను. ఆస్పత్రి దుప్పట్లకు దాన్ని పట్టిస్తే గుడ్డ మీద క్రిములు పెరగవు. ఉడుమలైపేటలో రంగుల షెడ్డు నడిపిన మా నాన్న నన్ను బడికి పంపలేదు. తెలుగు అక్షరాలూ లెక్కలూ ఇంట్లోనే చెప్పాడు. ముసలితనంలో కాలేజీ పుస్తకాలు తెప్పించుకుని ఈ పని నాతో కలిసి నేర్చుకున్నాడు. ఆ రుణం తీరేది కాదు.

మంచుగడ్డల మధ్య సీసా, అందులో సుళ్లు తిరిగే మందునీళ్లు, వెండిని ఉప్పులోంచి విడదీసేవి. వెండి ఉప్పు కరిగించిన నీళ్లు అందులో బొట్టుబొట్టుగా పడాలి. బొట్టుకొక గోవింద నామం అనుకుంటాను. ఆ నిదానం ఉంటేనే రేణువులు కంటికి ఆననంత సన్నంగా నిలుస్తాయి, ద్రవం తేనె రంగుకు వస్తుంది. తొందరపడితే ఒకదాన్నొకటి అంటుకుని లావెక్కుతాయి.

మధురై నుంచి దుప్పట్ల వ్యాపారి మధ్యాహ్నం నమూనా చూడటానికి వస్తాడన్న రోజు అది. "ఈసారి కుదరకపోతే ఆ గదిలో నూలు పెట్టెలు పెట్టేస్తాను" అని మా ఆయన ముందే చెప్పాడు. శుక్రవారం కదా అని పొద్దున గుడికి వెళ్లొచ్చాను. వచ్చేసరికి గదిలో మరిది నిలబడి నవ్వుతున్నాడు.

"చూడండి వదినా, ఐదు నిమిషాల్లో ముగిసిపోయె! మీరు బొట్టుబొట్టుగా పోస్తుంటే ఆ మధురై ఆయన మనవడికి పెండ్లి అయిపోతాది."

సీసా అడుగున బూడిద రంగు బురద.

"ఇది ఏం రంగు తంబీ?"

"వెండి రంగే కదా! మీది పచ్చగా ఉండాది, పసుపు కలిపినారేమో అనుకుంటి."

పక్కన శుద్ధి చేసిన నీళ్ల క్యాను మూత కూడా తీయలేదు. "నీళ్లు ఏవి పోస్తివి?" అన్నాను.

"సిరువాణి నీళ్లు! లోకంలో ఇంత తియ్యని నీళ్లు ఎక్కడుండాయి? బ్యాటరీకి పోసే నీళ్లు మనకేమిటికి?"

కుళాయిల్లో వచ్చే ఆ ఏటి నీళ్లంటే ఈ ఊరివాళ్లకు ఎంత గర్వమో నాకు తెలుసు. కాని నాలుకకు రుచిగా ఉంది కాబట్టి వెండికీ నచ్చుతుందనుకునే మనిషిని మొదటిసారి చూశాను. కుళాయి నీళ్లలో కలిసిన క్లోరిన్‌కు వెండి ఉప్పు పాలలా మసకబారింది. అది చూసి శుభమనుకుని మొత్తం ఒకేసారి కుమ్మరించాడట.

డబ్బా తీసి చూశాను. డబ్బాలో మిగిలిన వెండి ఉప్పు సగం సీసాకే సరిపోతుంది. పొరపాటు చేస్తే మళ్లీ చేయడానికి లేదు. గాజుసామాను క్యాను నీళ్లతో మూడుసార్లు కడిగి, కొత్త మంచు తెప్పించి కూర్చున్నాను.

"వదినా, ఇది పూజ గది కాదు" అన్నాడు గుమ్మంలోంచి.

"చెప్పులు విడిచి నిలబడు తంబీ" అన్నాను, లెక్క తప్పకుండా.

సీసాలో తేనె రంగు వచ్చింది. గుడ్డ ముంచి ఆరేశాను.

వ్యాపారి సీసాను వెలుతురుకు పట్టి చూసి, "రేణువు సైజు ఎట్ల అదుపులో పెడతారు?" అని అడిగాడు. మరిది గొంతు సవరించుకున్నాడు. "అంతా మా సిరువాణి నీళ్ల మహిమ సార్."

"అట్లయితే నాకొక ట్యాంకరు చాలు, మీరెందుకు?" అన్నాడాయన.

మరిది నా వైపు చూశాడు. బొట్టు సంగతీ, మంచు సంగతీ, నీళ్ల సంగతీ నేనే చెప్పాను. వ్యాపారి నమూనా తీసుకుని ఆర్డరు ఖాయం చేశాడు. ఆ సాయంత్రం మా ఆయన గది తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ బురద సీసాను నేను పారబోయలేదు. తొందరపడితే ఏమవుతుందో గుర్తుగా స్వామి పటం కింద అలమారలో ఉంది. రోజూ దీపం పెట్టి నాన్నకూ, స్వామికీ, ఆ తాళంచెవికీ దండం పెట్టుకుంటాను. మరిది ఇప్పుడు గదిలోకి రాడు. అందుకు కూడా ఒక దండం.