నాలుగో పేజీలో ఉన్న పాప

కోవిడ్ తర్వాత కోర్టులు మళ్లీ మనుషుల్ని నేరుగా పిలవడం మొదలుపెట్టిన ఏడాది, వేసవి సెలవులు అయ్యాక, నన్ను హైదరాబాద్ పడమటి వైపు కేసులు చూసే ఒక ఫ్యామిలీ కోర్టుకు మ్యారేజ్ కౌన్సెలర్‌గా వేశారు. కౌన్సెలర్ జడ్జి కాదు, వకీలూ కాదు. దంపతులతో మాట్లాడి, రాజీ కుదిరిందో లేదో జడ్జిగారికి నివేదిక రాసిచ్చే ఉద్యోగి. హోదా చిన్నది, ఇచ్చిన గది ఇంకా చిన్నది.

అంతకుముందు పనిచేసిన చోట్ల జనం ఏడుస్తూ వచ్చేవారు. ఇక్కడ ల్యాప్‌టాప్‌తో వచ్చేవారు. విడాకులకు కూడా డెలివరీ తేదీ ఉంటుందని హైటెక్ సిటీ ఉద్యోగులకు గట్టి నమ్మకం. అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: ఎన్ని రోజుల్లో అయిపోతుంది?

కిరణ్, స్వప్న కూడా అదే అడిగారు. పేర్లు మార్చాను. కిరణ్‌ది కాకినాడ, నార్సింగిలో ఫ్లాటు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడు. స్వప్న బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి కూతురు. ఆమెదీ సాఫ్ట్‌వేరే. ఎనిమిదేళ్ల కూతురితో చందానగర్‌లో కిరాయికి ఉంటోంది.

"మాకు విడాకులు రెండేళ్ల కిందటే అయిపోయాయండి. కోర్టు ఫార్మాలిటీ ఒక్కటే మిగిలింది" అన్నాడు కిరణ్, స్టాంపు కాగితం మీది ఒప్పందం ముందు పెట్టి.

"నేను గూడ గట్లనే అనుకున్న మేడం. నోటరీ సార్ ముద్ర గుద్దిండు గదా" అంది స్వప్న.

నోటరీ ముద్ర ఆ సంతకాలు వాళ్లవేనని చెబుతుంది, అంతే. వాళ్ల పెళ్లికి ఆ ముద్ర వల్ల ఏ హానీ జరగలేదు, అది నిక్షేపంగా ఉంది. కోర్టు డిక్రీ ఇచ్చేదాకా ఉంటుంది. ఈలోగా ఇంకో పెళ్లి చేసుకుంటే అది చెల్లదు సరికదా, నేరం కూడా అని చెప్పాను. కిరణ్ ముఖం వాడింది. ఐదు వారాల్లో అతనికి రెండో పెళ్లి. కాబోయే మామగారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నోటరీ కాగితం అటూ ఇటూ తిప్పి, "డిక్రీ ఏది బాబూ?" అన్నారట. లక్షల మంది వాడే యాప్ తయారుచేసే మనిషికి ఆ ప్రశ్న తట్టలేదు.

తర్వాతి ప్రశ్న కూడా అందరూ అడిగేదే: ఆరు నెలలు ఎందుకు ఆగాలి? పరస్పర అంగీకారంతో అడిగిన విడాకులకు చట్టం ఆ గడువు పెట్టింది. చాలాకాలంగా విడిగా ఉంటూ, పిల్లల సంగతితో సహా అన్నీ తేల్చుకున్నవారికి జడ్జిగారు దాన్ని మినహాయించవచ్చు. "అన్నీ తేలాయండి" అన్నాడు కిరణ్ హుషారుగా. అదే ఒప్పందాన్ని పిటిషన్‌కూ జతచేశారు. చదవడం నా పని కాబట్టి చదివాను. నాలుగో పేజీలో ఆగాను.

"అనన్య ఎవరు?" అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల కూతురి పేరు మనస్వి. 'మైనర్ బాలిక అనన్య వారాంతాల్లో తండ్రి వద్ద ఉండవలెను' అని ఆ పేజీలో ఉంది. కొలీగ్ పంపిన నమూనాలో పేర్లు మార్చాననీ, ఇది తప్పిపోయినట్టుందనీ కిరణ్ సర్దిచెప్పాడు. తప్పిపోయింది నాలుగు చోట్ల. రెండేళ్లుగా వీళ్లు ఎవరి పిల్లనో బాధ్యతగా పంచుకున్నారు.

"గిదేంది కిరణ్, బిడ్డ పేరు గూడ..." అని మొదలుపెట్టిన స్వప్న మధ్యలో ఆగిపోయింది. కింద ఆమె సంతకం కూడా ఉంది. "నేను గూడ చదవలే మేడం" అంది, గొంతు తగ్గించి.

పేరు మార్చి పది నిమిషాల్లో ప్రింటు తెస్తానని కిరణ్ లేచాడు.

"పేరు మారిస్తే అయితదా? శనివారం తీస్కపోతా అంటవు. పిల్ల బ్యాగు సర్దుకొని పొద్దుగాల్నుంచి తలుపు కాడ కూసుంటది. మధ్యాహ్నానికి ఆఫీసుల రిలీజ్ పని ఉందని మెసేజ్ పెడ్తవు. గిది తేలకపోతే నేను ఒప్పుకోను" అంది స్వప్న.

అలా అనవచ్చా అని అతను నన్నడిగాడు. చివరి విచారణ దాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చన్నాను. కూర్చున్నాడు. "పాప అలా కూర్చుంటుందని నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు.

"కిరణ్ ఫోన్ చేస్తే నేనే కట్ చేసిన" అంది స్వప్న, అతని వైపు చూడకుండా. "కోపంల."

కిరణ్ వరండాలోకి వెళ్లి ఫోన్ చేసి పెళ్లి వాయిదా వేయించాడు. మూడు సిట్టింగుల్లో ఇద్దరూ కలిసి కొత్త ఒప్పందం తమ చేత్తో రాసుకున్నారు. రాలేకపోతే శుక్రవారం సాయంత్రంలోగా పాపకే ఫోన్ చేసి చెప్పాలని అతను రాశాడు. పాప తండ్రితో మాట్లాడుతుంటే ఫోన్ లాక్కోనని ఆమె రాసింది. జడ్జిగారు మనస్విని ఛాంబర్‌లోకి పిలిచి కాసేపు మాట్లాడి, ఆరు నెలల గడువు మినహాయించారు. డిక్రీ వచ్చింది. కిరణ్ తర్వాతి ముహూర్తానికి పెళ్లి చేసుకున్నాడు, ఈసారి చట్టప్రకారం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరి ఒప్పందాన్నీ నేను చదవలేదు. దంపతుల చేతే, చెరో పేజీ, గట్టిగా చదివించాను. దానివల్ల కలిసిపోయినవారు చాలా తక్కువ. తాము దేనికి సంతకం పెడుతున్నారో తెలిసి విడిపోయినవారు ఎక్కువ. ఆ గదిలో ఎవరికైనా చేయగలిగిన సాయం అంతేనని నాకు అర్థమైంది.