తనను తానే రాసుకునే ప్రోగ్రామ్

నడిపితే తన అక్షరాలనే పొల్లుపోకుండా తెర మీద రాసే ప్రోగ్రామ్. సాయంత్రం ఆన్‌లైన్‌లో మిత్రులకు చూపిస్తానని గొప్పలు పోయాను. పట్టికలకు పట్టికలను ఒక్క గుర్తుతో తిప్పేసే భాషలో, ఒకే వరుసలో రాయాలి. నడిపిన ప్రతిసారీ ఒక కొటేషన్ గుర్తు తక్కువొస్తోంది.

పాల్వంచ ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన, “ఏందట్ల చూస్తున్నవ్? తిన్నవా?” అన్నాడు.

ఒళ్లు మండి, చేతికందిన ఐదు నొక్కి ఎంటర్ కొట్టాను. తెర మీద ఐదు వచ్చింది. ఈ భాషలో ఉత్త అంకె ఇస్తే అదే అంకె జవాబు. అంటే ఆ ఐదు కూడా తనను తాను రాసుకున్న ప్రోగ్రామే! నేను గొప్పలు పోయింది దీనికా?

“అయిందా?” అంటూ ఆయన ఇటు వంగాడు.

“కాలే,” అని, ఆయన చూసేలోపే తెర తుడిచేశాను.