తీయొద్దన్న రెండు లైన్లు

ఆఫీసులో ఆమెను అందరూ అక్క అంటారు. ఆమెకంటే ఏడేళ్లు పెద్దవాడైన యజమాని కూడా అక్క అనే అంటాడు. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆమెకు ముప్ఫై మూడేళ్లు. ఇప్పుడు నలభై ఏడు. ఇంక సరిదిద్దడానికి ఏమీ లేదు.

ఆఫీసంటే పళ్ల డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. కింద డ్రిల్లు మొదలైతే పైన ఆమె బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతాయి. లాయర్ల ఆఫీసుల కోసం ఒక యాడ్-ఇన్ రాయడం ఆమె పని. అది వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్‌లో ఒక అదనపు బటన్‌గా కూర్చుంటుంది. గుమాస్తా ఆ బటన్ నొక్కితే, వచ్చిన మెయిలూ దానికి జతచేసిన కాగితాలూ ఏ కేసువో ఆ ఫైల్లోకి వెళ్లిపోతాయి. పద్నాలుగేళ్లుగా ఆమె రాస్తున్నది ఇదొక్కటే. ఏం పని చేస్తారని బయట ఎవరైనా అడిగితే "బటన్" అని ఊరుకుంటుంది.

ఆ పనికి ఒక పద్ధతుంది. మెయిల్ ప్రోగ్రామ్ దగ్గర ఏది తీసుకున్నా, అది మెయిల్ కావచ్చు, ఫోల్డర్ కావచ్చు, పనైపోయాక వదిలేశానని దానికి చెప్పాలి. చెప్పకపోతే ఇంకా వాడుకుంటున్నట్టే. సాయంత్రం గుమాస్తా ప్రోగ్రామ్ మూసేస్తాడు, తెర మీద మాయమవుతుంది. లోపల మాత్రం అది పోకుండా అలాగే కూర్చునుంటుంది. మర్నాడు తెరవబోతే తెరుచుకోదు.

అందుకే కొత్తగా చేరినవాళ్లకు ఆమె మొదటి రోజే ఒక మాట చెబుతుంది: కోడ్ రాసేటప్పుడు ఒక లైన్లో రెండు చుక్కలు పెట్టొద్దు. చుక్క పెట్టినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతున్నట్టు. ఈ మెయిల్ ఉన్న ఫోల్డర్ పేరేమిటని ఒకే ఊపులో అడిగితే మధ్యలో ఫోల్డర్ కూడా చేతికొస్తుంది. దానికి మనం పేరు పెట్టుకోలేదు కాబట్టి, వదులుదామన్నా ఏదని వదలాలో తెలియదు. ముందు ఫోల్డర్ తీసుకోవాలి, దాన్నొక పేరుతో ఉంచుకోవాలి, కావలసింది అడగాలి, వదిలేయాలి. ఒక లైను నాలుగవుతుంది. అవనీ.

ఆమె పక్క కుర్చీ నిదానంగారిది. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఏదైనా అడిగితే సీసా తీసి, రెండు గుక్కలు నీళ్లు తాగి, మూత బిగించి, అప్పుడు జవాబు చెబుతాడు. ఈలోగా అడిగినవాళ్లు తమంతట తామే జవాబు కనిపెట్టేస్తారని ఆఫీసులో నవ్వుకునేవారు. పదకొండేళ్లు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

మూడు నెలల కిందట, నలభైమంది గుమాస్తాలున్న ఒక లాయర్ల ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఫైళ్లు పెరిగినకొద్దీ ముదిరి, ఇప్పుడు బటన్ నొక్కిన ప్రతిసారీ తెర రెండు సెకన్లు బిగుసుకుపోతోందట. వెతికితే కారణం రెండు లైన్లు. వాడాక ఎవరూ పట్టించుకోకుండా మిగిలిపోయినవాటిని ఊడ్చిపారేసే పని కంప్యూటర్ తనకు తోచినప్పుడు తానే చేసుకుంటుంది. ఆ రెండు లైన్లు ఆ పనిని ప్రతి మెయిల్‌కూ రెండేసి సార్లు బలవంతంగా చేయిస్తున్నాయి. రాసింది నిదానంగారు. వాటి పైన "తీయొద్దు" అని ఆయనే రాసిపెట్టాడు. ఎందుకో రాయలేదు.

ఎందుకని యజమాని అడిగాడు. నిదానంగారు నీళ్లు తాగి, అవి ఉండాలన్నాడు. ఎందుకుండాలంటే రెండు రోజులు గడువడిగాడు. మూడో రోజున కూడా చెప్పలేకపోయాడు. అప్పుడు యజమాని ఆమెను అడిగాడు. ఆమె ఆ రెండు లైన్లూ, వాటి చుట్టుపక్కలా చూసి, ఇవి అక్కర్లేదనుకుంటా అంది.

ఆ నెలాఖరుకు ఆయన్ని తీసేశారు. చేతికిచ్చిన ఉత్తరంలో "తాను రాసిన కోడ్‌కు తానే కారణం చెప్పలేకపోయినందున" అని ఒక వాక్యముంది. ఆయన దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, వస్తానక్కా అని వెళ్లిపోయాడు. ఆయన ఆమెకంటే రెండేళ్లు పెద్ద.

ఆ లైన్లు ఆమే తీసింది. తెర బిగుసుకోవడం ఆగింది. కొత్త యాడ్-ఇన్ లాయర్ల ఆఫీసు మిషన్లన్నిటిలోకీ ఎక్కిన తొమ్మిదో రోజున మళ్లీ ఫోనొచ్చింది. పొద్దున్నే మెయిల్ తెరుచుకోవడం లేదు, నలభైమందికీ.

కారణం దొరకడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఎక్కడో మారుమూల ఒకే ఒక్క లైను. అందులో రెండు చుక్కలు. ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో చెప్పే పట్టికలో దాని పక్కన ఆమె పేరుంది. తేదీ ఎనిమిదేళ్ల కిందటిది. ఆ తేదీని ఆమె రెండోసారి చూసింది. భర్త ఆసుపత్రిలో ఉన్న మూడు వారాల్లో అది రెండో వారం. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం గుర్తుంది. ఏం రాసిందో గుర్తులేదు. తన లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకుంది. కింద డ్రిల్లు మొదలైంది. గ్లాసు పక్కకు జరిపింది.

నిదానంగారి రెండు లైన్ల తేదీ కూడా చూసింది. తన లైను తర్వాత పన్నెండో రోజు. తన లైను వదలకుండా మిగిల్చిన ఫోల్డర్‌ను ఇన్నేళ్లూ ఆ రెండు లైన్లే ఊడ్చేస్తూ వచ్చాయి.

తన లైనును నాలుగు చేసింది. ఇరవైసార్లు ప్రోగ్రామ్ తెరిచి మూసింది. ఇరవైసార్లూ అది పూర్తిగా పోయింది. సరిచేసిన యాడ్-ఇన్‌ను లాయర్ల ఆఫీసుకు పంపించింది. తర్వాత మెట్ల మీదికి వెళ్లి నిదానంగారికి ఫోన్ చేసి, తన పాత లైను చదివి వినిపించింది.

అవతల సీసా మూత బిగించిన చప్పుడు వినపడింది.

"ఆఁ, అదా," అన్నాడు. "దానికోసమే పెట్టాను. ఇప్పుడు గుర్తొచ్చింది."

"అప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"మీ ఆయనకి అలా ఉంటే ఎలా చెప్తానక్కా? మీరు తిరిగొచ్చాక చెబుదామనుకున్నా."

"తిరిగొచ్చాను కదా."

"మర్చిపోయాను." మళ్లీ అన్నాడు. "నిజంగానే మర్చిపోయాను. గుర్తుంటే ఆ రోజే మీ పేరు చెప్పేసేవాణ్ణి. ఉద్యోగం పోతుంటే ఇంక మొహమాటమేంటి?"

ఉద్యోగం సంగతి అడిగింది. నాలుగు చోట్లకు వెళ్లాడట. నలుగురూ పాత ఆఫీసు ఉత్తరం అడిగి, ఆ వాక్యం దగ్గర ఆగి, కబురు చేస్తామన్నారట. ప్రస్తుతం బావమరిది కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల మీద చీటీలు అంటిస్తున్నాడు. ఖాళీగా ఉండటంకంటే నయమే అన్నాడు.

ఆమె యజమాని గదిలోకి వెళ్లి అంతా వరసగా చెప్పింది. ఆయన ముందుగా అడిగింది, సరిచేసింది ఎప్పుడు పంపిస్తావని. పంపేశానంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. అయితే ఇంకేముంది అన్నాడు. నిదానంగారి ఉత్తరం మార్చాలంది. ఆయన్ని వెనక్కి తీసుకోవడం నావల్ల కాదన్నాడు యజమాని. తీసుకోమనడం లేదు, మార్చమంటున్నానంది.

"మారిస్తే తప్పు ఎవరిదో రాయాలి. ఎవరిదని రాయను?"

"నాదని రాయండి."

"అక్కా, లాయర్లకి ఆయన పేరు చెప్పి గండం గట్టెక్కాను. ఇప్పుడు నీ పేరు చెప్తే, నిన్నూ తీసెయ్యమంటారు."

"అనొచ్చు."

"అంటే నన్నేం చెయ్యమంటావ్?"

"తీసెయ్యండి. ముందు ఆ ఉత్తరం మార్చండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కోపం గానీ బతిమాలడం గానీ ఉంటే ఏదో ఒకటి అనేవాడే. కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. "కొంత అపార్థం వలన" అని మొదలుపెట్టాడు. వెనక నిలబడి చదువుతున్న ఆమె, కాదంది. "సాంకేతిక కారణాల వలన" అన్నాడు. అదీ కాదంది. మూడోసారి ఆమె చెబుతుంటే ఆయన టైపు చేశాడు. లోపం ఆమె రాసిన లైన్లో ఉందనీ, ఈయన రాసిన రెండు లైన్లు దాన్ని ఎనిమిదేళ్లపాటు బయటపడకుండా కాశాయనీ. కింద సంతకం పెట్టి ముద్ర వేశాడు. ముద్ర సగమే పడితే మళ్లీ వేయించింది.

ఆఫీసు అయ్యాక బస్సెక్కి నిదానంగారింటికి వెళ్లింది. తలుపు ఆయన భార్య తీసింది. ఆయన హాల్లో కుర్చీ కాలుకు రబ్బరు బిళ్ల తొడుగుతున్నాడు. ఉత్తరం ఆయనకిస్తే, తన చేతులు మురికిగా ఉన్నాయని భార్యకివ్వమన్నాడు. ఆవిడ నిలబడే పైకి చదివింది. ఆమె పేరు వచ్చినచోట గొంతు కాస్త తగ్గించి, మళ్లీ అందుకుంది.

"ఆ తర్వాత ఎనిమిదేళ్లు పక్కపక్కనే కూర్చున్నారు," అంది చదవడం అయ్యాక. "చేసినావిడకి తెలీదు. చూసినాయనకి గుర్తులేదు. బాగానే నడిపారు ఆఫీసు."

నిదానంగారు తలొంచుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. మరి నీ సంగతేమిటని అడిగింది. సోమవారం లాయర్ల ఆఫీసుకు వెళ్లాలనీ, జరిగింది వాళ్లకు తానే చెప్పాలనీ ఆమె చెప్పింది. ఆ తర్వాత ఉద్యోగం ఉంటే ఉంటుంది.

"భయంగా లేదూ?"

లేదంది. అది ధైర్యం కాదని ఆవిడకు చెప్పాలనిపించింది.

నిదానంగారు చేతులు కడుక్కొచ్చాడు. ఈసారి ఉత్తరం తనే తీసుకుని, మొదటినుంచి చివరిదాకా చదివాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, సోమవారం నేనూ రానా అని అడిగాడు.

"మీరెందుకు?"

"ఆ లైన్లు ఎందుకు పెట్టానో అడుగుతారు కదా. ఇప్పుడు నాకు తెలుసు."

ఆమె లేచి సంచి భుజానికి తగిలించుకుంది.

"పదింటికి," అంది. "కాస్త ముందే రండి. వాళ్లది నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యట్లేదు."